మియాండర్: ఒక నది పేరు ఇంగ్లిషు మాట ఎలా అయింది? తరచుగా అడిగే ప్రశ్నలు

వంపులు తిరుగుతూ సాగే నదికీ, దారికీ, నడకకీ, చివరికి మాటతీరుకీ ఇంగ్లిషులో వాడే పదం మియాండర్. భూగోళం పాఠంలో చాలామందికి ఇది తగిలే ఉంటుంది. నిఘంటువు తెరిస్తే ‘గమ్యం లేకుండా తిరగడం’ అన్న అర్థం ముందే కనిపిస్తుంది. ఆ అర్థం తప్పు కాదు గానీ, చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. అసలు ఇది ఒక నది సొంత పేరు. ఆ నది ఇప్పటికీ పారుతోంది. దాని సంగతి తెలిశాక ‘గమ్యం లేకుండా’ అనడానికి మనసొప్పదు. పాఠకులు, ముఖ్యంగా విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

మియాండర్ అంటే ఏమిటి?

నామవాచకంగా వాడితే, మైదానంలో పారే నది ఒక పక్కకు తిరిగి, మళ్లీ రెండో పక్కకు తిరిగేటప్పుడు ఏర్పడే పెద్ద వంపు. క్రియగా వాడితే, అలా మెలికలు తిరుగుతూ సాగడం. నదులకే కాదు, కొండమీదికి చుట్లు తిరుగుతూ ఎక్కే రోడ్డుకూ, తొందరేమీ లేకుండా బజారంతా తిరిగొచ్చే మనిషికీ, ఒక విషయం నుంచి ఇంకో విషయంలోకి జారిపోయే ఉపన్యాసానికీ ఈ మాటే వాడతారు. శిల్పంలో, కుండల మీద, బట్టల అంచుల్లో కనిపించే ఒక తరహా గీతల డిజైన్‌కు కూడా ఇదే పేరు. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

ఎలా పలకాలి?

మి-యాన్-డర్. ఒత్తు మధ్య అక్షరం మీద. ‘మీండర్’ అని పలికేవాళ్లున్నారు, అది పొరపాటు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పటి టర్కీకి పడమటి భాగంలో పారే ఒక నదిని ప్రాచీన గ్రీకులు మైయాండ్రోస్ అనేవారు. లాటిన్‌లో అది మేయాండర్ అయింది. ఆ నది ఎన్ని మెలికలు తిరిగేదంటే, దాని పేరే మెలికకు మారుపేరైపోయింది. ఇది ఈనాటి భాషావేత్తలు ఊహించి చెప్పిన సంగతి కాదు. సుమారు రెండువేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో స్వయంగా రాసిపెట్టాడు: ఆ నది విపరీతంగా వంకరలు తిరుగుతుంది కాబట్టి వంకర ఉన్న ప్రతిదాన్నీ జనం మైయాండ్రోస్ అంటున్నారని. చాలా పదాల పుట్టుక గురించి మనం ఆనవాళ్లను బట్టి ఊహించుకోవలసిందే. ఈ పదానికి మాత్రం ఆ కాలపు మనిషి సాక్ష్యమే దొరికింది.

ఆ నది ఇప్పుడుందా? పేరేమిటి?

ఉంది. టర్కీ భాషలో బుయుక్ మెండెరెస్, అంటే పెద్ద మెండెరెస్. దినార్ పట్టణం దగ్గర పుట్టి, దెనిజ్లి, ఆయ్‌దిన్ ప్రాంతాల మీదుగా పడమరకు పారి ఏజియన్ సముద్రంలో కలుస్తుంది. పొడవు 500 కిలోమీటర్లకు పైనే. పత్తి, అంజీర, ఆలివ్ పండే సారవంతమైన లోయ ఇది. ఆయ్‌దిన్ అంజీర పళ్లు ప్రపంచమంతా ప్రసిద్ధి.

పెద్ద మెండెరెస్ అంటున్నారంటే చిన్నది కూడా ఉండాలి కదా. ఉంది: కుచుక్ మెండెరెస్. ప్రాచీన ఎఫెసస్ నగరం పక్కన పారిన కాయిస్త్రోస్ నదే అది. ట్రాయ్ దగ్గర పారే స్కమాండర్‌ను కూడా ఇప్పుడు కారామెండెరెస్ అంటారు. అంటే ఒక నది పేరు పక్క నదులకు కూడా అంటుకుంది. మనుషులకూ అంటుకుంది: 1950 నుంచి 1960 దాకా టర్కీ ప్రధానిగా ఉన్న అద్నాన్ మెండెరెస్ ఆయ్‌దిన్ ప్రాంతంవాడు. 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చాక తన ప్రాంతపు నది పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ఇజ్మీర్ విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. ఆ ఊళ్లో విమానం దిగేవాళ్లందరూ తెలియకుండానే ఈ నది పేరు చదువుతున్నారన్నమాట.

పాత గ్రంథాల్లో ఈ నది తరచూ తగులుతుంది. గ్రీకు మహాకావ్యం ఇలియడ్ రెండో భాగంలో ట్రాయ్ పక్షాన వచ్చిన కారియా సేనల గురించి చెబుతూ మైయాండ్రోస్ ప్రవాహాల ప్రస్తావన తెస్తారు. క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడు సైరస్ సేనతో వచ్చి ఈ నదిని దాటిన సంగతి గ్రీకు రచయిత జెనొఫోన్ రాశాడు. అక్కడ ఏడు పడవలను కలిపి కట్టిన వంతెన ఉండేదట.

నది పేరుకు అర్థం ఏమిటి?

గ్రీకులు అక్కడికి రాకముందే ఉన్న స్థానిక భాషలోని పేరు అయ్యుంటుందని పండితుల అభిప్రాయం. స్కమాండ్రోస్, మైయాండ్రోస్ అని రెండు నదుల పేర్లూ ఒకే తీరుగా ముగియడం దానికి ఒక ఆధారం.

గ్రీకులు మాత్రం తమ పద్ధతిలో కథలు అల్లుకున్నారు. ప్రాచీన కవి హెసియడ్ చెప్పిన వంశావళి ప్రకారం మైయాండ్రోస్ ఒక నదీ దేవత, ఓషియానస్, తెథిస్‌ల కొడుకు. ఇంకో కథలో అతను మనిషి. యుద్ధంలో గెలిస్తే, తనను మొదట అభినందించడానికి ఎదురొచ్చిన వాళ్లను బలి ఇస్తానని మొక్కుకుంటాడు. గెలిచి వచ్చేసరికి కొడుకు, తల్లి, చెల్లెలు ఎదురొస్తారు. మొక్కు తీర్చుకుని, ఆ దుఃఖం పట్టలేక నదిలో దూకుతాడు. అంతకుముందు ఆ నదిని అనబైనోన్ అనేవారట, అంటే వెనక్కి నడిచేది. పుట్టినచోటికే తిరిగి పారుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరని కథ చెబుతుంది. కథ నిజం కాకపోవచ్చు గానీ నది తీరును అంత దగ్గరగా చూసినవాళ్లే ఆ పేరు కల్పించగలరు.

ఇంగ్లిషులోకి ఎప్పుడు వచ్చింది?

16వ శతాబ్దం చివరి భాగంలో, లాటిన్ చదువుకున్నవాళ్ల ద్వారా. మొదట నామవాచకం: చిక్కుముడి, మెలికల దారి అన్న అర్థంలో. క్రియగా 17వ శతాబ్దం మొదట్లో స్థిరపడింది. మనుషులు ఊరికే తిరగడమన్న అర్థం 19వ శతాబ్దంలో గానీ ఊపందుకోలేదు. ఇంగ్లిషువాళ్ల కంటే చాలా ముందే రోమన్ కవులు ఈ నదిని ఉపమానంగా వాడుకున్నారు. క్రీట్‌లో డేడలస్ కట్టిన చిక్కుదారుల భవనాన్ని వర్ణిస్తూ ఓవిడ్, ముందుకు పోతున్నదో వెనక్కి వస్తున్నదో తెలియని మేయాండర్ నీళ్లతో పోల్చాడు.

నది మీద కోర్టులో కేసులు వేసేవారట, నిజమేనా?

స్ట్రాబో రాసినదాని ప్రకారం నిజమే. ఈ మాట గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

మెలికలు తిరిగే నది ఒక ఒడ్డున భూమిని కోసుకుపోతుంది, ఎదుటి ఒడ్డున మేట వేస్తుంది. ఈ ఒడ్డు రైతు పొలం తగ్గుతుంది, ఆ ఒడ్డు రైతుకు కొత్త నేల వస్తుంది. గట్టు రాయి నదిలో పడిపోయాక ఎవరి హద్దు ఎక్కడో ఎవరికీ తెలియదు. నదిలోకి మోచేయిలా పొడుచుకొచ్చిన నేలను ఏరు కోసుకుపోయినప్పుడు, నష్టపోయినవాళ్లు ఏకంగా నది మీదే వ్యాజ్యం వేసేవారట. నేరం రుజువైతే నది జరిమానా కట్టాలి. ఎలా కడుతుంది? రేవుల దగ్గర పడవ దాటించడానికి వసూలు చేసే సుంకం నది సంపాదన కింద లెక్క. ఆ సొమ్ములోంచి జరిమానా చెల్లించేవారు.

దీన్ని వింత ఆచారంగా చూసేవాళ్లున్నారు. నాకైతే ఇది చాలా తెలివైన ఏర్పాటు అనిపిస్తుంది. నది వల్ల ఊరందరికీ ఆదాయం వస్తోంది. అదే నది వల్ల ఒకరిద్దరికి నేల పోతోంది. అందరికీ వచ్చినదాంట్లోంచి పోగొట్టుకున్నవాళ్లకు ఇవ్వడం న్యాయం. నది కోతకు పొలం పోయిన రైతు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల్లో ఈ పద్ధతిని మళ్లీ ఒకసారి చదువుకోవాలి.

ఈ నది నగరాలను సముద్రానికి దూరం చేసిందంటారు, ఎలా?

కోసుకొచ్చిన మట్టి ఎక్కడో ఒకచోట దిగాలి. మైయాండ్రోస్ తెచ్చిన ఒండ్రు సముద్రం అంచున దిగుతూ, శతాబ్దాల తరబడి తీరాన్ని పడమటికి నెట్టుకుంటూ పోయింది.

నది కలిసేచోట లాట్మోస్ అనే సముద్రపు ఖాతం ఉండేది. దాని ఒడ్డున మిలెటస్. తత్త్వవేత్త థేలీస్ పుట్టిన ఊరు, నాలుగు రేవులున్న సంపన్న నగరం. దానికి ఎదుటి పక్క ప్రియెనె. ప్రియెనె ఒకప్పుడు సముద్రం పక్కన ఉండేదనీ, తన కాలానికే నది మేట వల్ల 40 స్టేడియాలు, అంటే ఏడు కిలోమీటర్ల పైచిలుకు లోపలికి వచ్చేసిందనీ స్ట్రాబో రాశాడు. ఇవాళ మిలెటస్ శిథిలాలు కూడా తీరానికి సుమారు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రేవులో ఓడలు నిలిచినచోట ఇప్పుడు పత్తి చేలు. ఖాతం నోరు పూడుకుపోయి లోపలి భాగం బాఫా అనే సరస్సుగా మిగిలింది. దాని నీళ్లలో ఇప్పటికీ కొంత ఉప్పదనం ఉంటుంది.

లాడే సంగతి ఇంకా ఆశ్చర్యం. క్రీ.పూ. 494లో పర్షియా నౌకాదళానికీ గ్రీకు నగరాల నౌకాదళానికీ పెద్ద యుద్ధం జరిగింది లాడే అనే దీవి దగ్గర. ఆ దీవి ఇప్పుడు పొలాల మధ్య ఒక చిన్న గుట్ట. ఓడలు ఢీకొన్న చోటికి ట్రాక్టరు మీద వెళ్లొచ్చు.

నగర నిర్మాణంలో తిన్నని వీధులు, చతురస్రపు గడులు అంటే గుర్తొచ్చే పేరు హిప్పోడమస్. క్రీ.పూ. 5వ శతాబ్దంవాడు. ఆయనదీ మిలెటసే. ప్రపంచానికి మెలికల మాట ఇచ్చిన నది ఒడ్డునే తిన్నని గీతల నగరాల ఆలోచన పెరిగింది.

అసలు నదులు ఎందుకు వంపులు తిరుగుతాయి? అడ్డంగా రాళ్లు ఉండబట్టేనా?

రాయి అడ్డొస్తే మొదటి చిన్న వంపు రావచ్చు. కానీ మెత్తటి ఒండ్రు మైదానంలో ఏ అడ్డూ లేకపోయినా నది తిన్నగా ఉండలేదు. ఒకసారి కాస్త వంగితే ఆ వంపు తనంతట తనే పెరుగుతుంది.

అదెలాగో చూద్దాం. వంపులో తిరిగేటప్పుడు నీళ్లు బయటి ఒడ్డు వైపుకు ఒత్తుకుంటాయి, అక్కడ నీటిమట్టం కొద్దిగా లేస్తుంది. పైనున్న నీళ్లు వేగంగా పోతాయి కాబట్టి బయటికి నెట్టుకుపోతాయి. అడుగున నేలకు రాసుకునే నీళ్లు నెమ్మదిగా కదులుతాయి. బయటి వైపు లేచిన నీటి ఒత్తిడికి లొంగి లోపలి ఒడ్డు వైపుకు జరుగుతాయి. దాంతో నది ముందుకు సాగుతూనే మరమేకులా సుడి తిరుగుతుంది. పైనీళ్లు బయటి ఒడ్డును కోస్తాయి, అడుగు నీళ్లు ఇసుకను లోపలి ఒడ్డుకు చేరుస్తాయి. బయట కోత, లోపల మేట. కోత పెరిగేకొద్దీ వంపు పెరుగుతుంది, వంపు పెరిగేకొద్దీ కోత పెరుగుతుంది.

దీన్ని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ అన్నగారైన జేమ్స్ థామ్సన్ 1876లోనే వివరించాడు. 1926లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ బెర్లిన్‌లోని ప్రష్యన్ అకాడమీలో ఇదే విషయం మీద ఒక చిన్న వ్యాసం చదివాడు. ఆయన చూపించిన ప్రయోగం ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. గ్లాసు నీళ్లలో కొంచెం టీ ఆకు వేసి, చెంచాతో గిరగిరా తిప్పి వదిలేయండి. నీళ్లు తిరిగినప్పుడు ఆకులు అంచుకు పోవాలి కదా? పోవు. అడుగున మధ్యలోకి చేరి కుప్పపడతాయి. అంచు దగ్గర నీళ్లు కిందికి దిగి, అడుగున మధ్యకు వచ్చి, మళ్లీ పైకి లేస్తున్నాయి. నది వంపులో ఇసుక లోపలి ఒడ్డుకు చేరేది కూడా ఈ పద్ధతిలోనే. ఐన్‌స్టీన్ కొడుకు హాన్స్ ఆల్బర్ట్ తర్వాతి రోజుల్లో నదులు మోసే ఇసుక, ఒండ్రుల మీద పెద్ద నిపుణుడయ్యాడు, బర్క్‌లీలో ఆచార్యుడిగా పనిచేశాడు.

నది మెలికలకు కొలతేమైనా ఉందా?

ఉంది. నది వెంట నడిస్తే వచ్చే దూరాన్ని, లోయ వెంట నడిస్తే వచ్చే దూరంతో భాగిస్తారు. 1 వస్తే తిన్నని నది. 1.5 దాటితే మియాండర్ నది అని మామూలుగా లెక్క. పెద్ద నదైనా పిల్ల కాలువైనా ఒక పూర్తి మెలిక పొడవు దాని వెడల్పుకు సుమారు 10 నుంచి 14 రెట్లు ఉంటుంది. పటం మీద స్కేలు చెరిపేస్తే అది గోదావరంత నదో, పొలం గట్టు పక్క కాలువో చెప్పడం కష్టం. ఇంత నియమంగా సాగేదాన్ని పట్టుకుని గమ్యం లేనిదని ఎలా అంటాం?

ఆకారానికి కూడా లెక్క ఉంది. 1966లో అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు లాంగ్‌బైన్, లియోపోల్డ్‌లు నది మెలికకు త్రికోణమితిలోని సైన్ ఫలంతో పుట్టే ఒక వక్రం చక్కగా సరిపోతుందని చూపించారు. నది దిశ మారే తీరు సైన్ లెక్క ప్రకారం మారుతుంది.

ఈ సైన్ అన్న మాట దారి కూడా చిన్నదేం కాదు. ఆర్యభటుడి కాలం నాటి మన గణితంలో జ్యా, జీవా అంటే వింటినారి. అరబ్బులు దాన్ని జీబా అని తీసుకుని, అచ్చులు లేకుండా రాసుకున్నారు. చదివినవాళ్లు జైబ్ అనుకున్నారు, అంటే బట్ట మడత, ఒడి. 12వ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు ఆ అర్థానికి తమ భాషలో ఉన్న సైనస్ అన్న మాట పెట్టారు. మెలికల కొలతకు ఇంగ్లిషులో వాడే సిన్యుయాసిటీ కూడా ఆ సైనస్ నుంచి పుట్టిందే.

ఆక్స్‌బో సరస్సు అంటే?

వంపు పెరిగి పెరిగి దాని రెండు కొసలూ దగ్గరవుతాయి. మధ్యలో సన్నటి మెడలాంటి నేల మిగులుతుంది. ఒక వరదకు అది తెగిపోతే నది అడ్డదారిన పోతుంది. పాత వంపు రెండు చివరలా మేట పడి, చంద్రవంకలాంటి సరస్సుగా మిగిలిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఎద్దు మెడ కింద కాడికి బిగించే వంగిన కర్రను ఆక్స్‌బో అంటారు, ఆ ఆకారం వల్ల ఈ పేరు. బిహార్‌లో బేగూసరాయ్ దగ్గరి కన్వర్ తాల్ ఇలా గండక్ నది వదిలేసిన వంపే. 2020లో దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది.

పరీక్ష రాసేవాళ్లకు: కోత బయటి ఒడ్డున, మేట లోపలి ఒడ్డున. చాలామంది తారుమారు చేసేది ఇక్కడే.

రాతి కొండల్లో కూడా నదులు మెలికలు తిరుగుతాయి కదా, అక్కడ ఒండ్రు ఉండదుగా?

మంచి ప్రశ్న. చాలాచోట్ల నది ముందు మైదానం మీద మెలికలు తిరుగుతూ ఉంటుంది. తర్వాత నేల మెల్లగా పైకి లేస్తుంది. నది తన పాత దారిని వదలకుండా కిందికి కోసుకుంటూ పోతుంది. మైదానంలో గీసిన మెలిక రాతిలో లోతుగా దిగిపోతుంది. అమెరికాలో యూటా రాష్ట్రపు సాన్ హువాన్ నదిని చూడండి: గూస్‌నెక్స్ అనే చోట సుమారు 300 మీటర్ల లోతు లోయలో, రెండున్నర కిలోమీటర్లు ముందుకు పోవడానికి పది కిలోమీటర్ల దాకా తిరుగుతుంది.

మన దగ్గర కృష్ణ నల్లమలలో లోతైన లోయలో పెద్ద పెద్ద వంపులు తిరుగుతుంది. శ్రీశైలంలో పాతాళగంగకు అన్ని మెట్లు దిగవలసి రావడానికి కారణం ఆ లోతే. శ్రీశైలం జలాశయాన్ని పటంలో చూస్తే నీళ్లు పరుచుకున్న చెరువులా ఉండదు, మెలికలు పడ్డ తాడులా ఉంటుంది. గండికోట దగ్గర పెన్నా, పాపికొండల మధ్య గోదావరి కూడా కొండల మధ్య వంపు తిరిగే నదులే.

గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలడం కూడా మియాండరేనా?

కాదు. ఒక నది చీలి గౌతమి, వసిష్ఠ అంటూ పాయలు కావడం డెల్టా లక్షణం. ఒకే పాయ వంపులు తిరగడం మియాండర్. అయితే ఆ పాయల్లో కూడా కోతా మేటా నడుస్తూనే ఉంటాయి. కోనసీమ లంక గ్రామాల్లో ఎవరిని అడిగినా, ‘ఏటి కోత’లో ఏ తోట పోయిందో, ఎదురుగా ఎక్కడ మేట లేచిందో చెబుతారు. భూగోళ శాస్త్రం పెద్ద మాటల్లో చెప్పేదాన్ని ఆ రెండు చిన్న మాటలు పూర్తిగా చెప్పేస్తాయి. పాఠ్యపుస్తకాల్లో క్రమక్షయం, నిక్షేపణం అని రాసే ముందు కోత, మేట అని రాస్తే పిల్లలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

నది సరిహద్దు అయితే, అది జరిగినప్పుడు సరిహద్దు కూడా జరుగుతుందా?

అమెరికా న్యాయస్థానాల్లో స్థిరపడ్డ సూత్రం ఇది: నది కొంచెం కొంచెంగా కోసుకుంటూ జరిగితే సరిహద్దు దానితో పాటు జరుగుతుంది. ఒక్కసారిగా దారి మార్చుకుంటే సరిహద్దు పాత దారిలోనే ఉండిపోతుంది. 1877లో మిస్సోరీ నదికి వరద వచ్చి ఒక పెద్ద వంపు తెగిపోయింది. నదికి తూర్పున అయోవాలో ఉన్న నేల ఒక్కసారిగా పడమటి పక్క, నెబ్రాస్కా వైపుకు వచ్చేసింది. రెండు రాష్ట్రాలూ కొట్లాడుకుంటే, 1892లో అమెరికా సుప్రీం కోర్టు పై సూత్రం ప్రకారం ఆ నేల అయోవాదేనని తేల్చింది. ఇవాళ అక్కడ కార్టర్ లేక్ అనే ఊరుంది. నెబ్రాస్కాలోని ఒమాహా నగరంలో ఉండే మనవాళ్లు నగరం మధ్య నుంచి విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు కాసేపు అయోవాలోకి పోయి మళ్లీ నెబ్రాస్కాలోకి రావడానికి కారణం ఆ వరదే.

నది మెలికలను తిన్నగా చేస్తే వరదలు తగ్గవా?

ఆ ఒక్కచోట నీళ్లు త్వరగా దిగిపోతాయి. అవే నీళ్లు దిగువన ఒక్కసారిగా వెళ్లి పడతాయి. తిన్నని కాలువలో వేగం పెరిగి అడుగు కోసుకుపోతుంది, పక్కనున్న తడి నేలలు ఎండిపోతాయి.

ఫ్లోరిడాలోని కిసిమీ నది దీనికి పెద్ద పాఠం. వరదల నివారణ కోసమని 1962 నుంచి 1971 దాకా శ్రమించి, 166 కిలోమీటర్ల మెలికల నదిని 90 కిలోమీటర్ల కాలువగా మార్చారు. చలికాలంలో వచ్చే నీటిపక్షులు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. చివరికి కాలువలో కొంత భాగం పూడ్చి, పాత మెలికల్లోకి మళ్లీ నీళ్లు వదలాలని నిర్ణయించారు. 1999లో మొదలైన ఆ పని 2021లో పూర్తయింది. పక్షులు తిరిగొచ్చాయి. తిన్నగా చేయడానికి తొమ్మిదేళ్లు పట్టింది, మళ్లీ వంచడానికి అంతకు రెట్టింపు పైనే పట్టింది. మన ఊళ్లలో వాగులకు రెండు పక్కలా కాంక్రీటు గోడలు కట్టి తిన్నగా చేసే ఇంజనీర్లు ఈ నది చరిత్ర తప్పక చదవాలి.

గ్రీకు అంచు డిజైన్‌కూ ఈ పేరెందుకు?

ఒకే గీత ముందుకు పోయి, లోపలికి తిరిగి, మళ్లీ బయటికి వచ్చి సాగిపోయే అంచు అది. మూలలన్నీ చతురస్రంగా ఉంటాయి, గీత ఎక్కడా తెగదు. ఏథెన్స్ మ్యూజియంలో క్రీ.పూ. 750 ప్రాంతపు పెద్ద కుండ ఒకటి ఉంది. దాదాపు మనిషెత్తు ఉండే ఆ కుండ చుట్టూ వరసలు వరసలుగా ఈ డిజైనే. రోమన్ కవి వర్జిల్ తన కావ్యంలో ఒక అంగీ అంచును వర్ణిస్తూ ‘జంట మేయాండర్’ అన్నాడు, అంటే క్రీ.పూ. 1వ శతాబ్దానికే నది పేరు డిజైన్ పేరైంది. డిజైన్ మాత్రం పేరు కంటే చాలా పాతది. ఉక్రెయిన్‌లోని మెజిన్‌లో మంచుయుగం నాటి మామత్ (అంతరించిన ఒక జాతి ఏనుగు) దంతపు కడియాల మీద కూడా ఇలాంటి గీతలున్నాయి.

తెలుగులో ఏమనాలి?

నదికైతే ‘మెలికలు తిరుగు’, ‘వంపులు తిరుగు’ చక్కగా సరిపోతాయి. ‘వంకరటింకర’ అనకండి, అందులో తక్కువచేసే ధ్వని ఉంది. రాయలసీమలో వంక అంటే చిన్న ఏరు, వంక అంటే వంపు కూడా. వాగులూ వంకలూ అని జంటగా అంటూనే ఉంటాం.

మాటతీరుకు చాలామంది ‘డొంకతిరుగుడు’ అని అనువదిస్తారు. డొంక అంటే పొలాల మధ్య దారి కాబట్టి పోలిక బాగానే కుదిరినట్టుంటుంది. కానీ డొంకతిరుగుడు మాటలో దాచిపెట్టడం ఉంది, అసలు సంగతి చెప్పకుండా తప్పించుకోవడం ఉంది. మియాండర్‌లో ఆ మోసం లేదు. ఆ మాటకు మనిషి నిదానం, ఇంకో సంగతి గుర్తొస్తే అటు మళ్లడం మాత్రమే అర్థం. ‘మాట ఎటెటో పోయింది’ అనడం దగ్గరగా ఉంటుంది.

వాండర్, మాండర్ అనే మాటలకూ దీనికీ చుట్టరికం ఉందా?

లేదు. వాండర్ పాత ఇంగ్లిషు మాట. మాండర్ అంటే సంబంధం లేకుండా గొణగడం, దాని దారి వేరు. చెవికి దగ్గరగా ఉండటం వల్ల అర్థాలు కలిసిపోతుంటాయి. ‘గమ్యం లేకుండా’ అన్న నీడ మియాండర్ మీద పడటంలో వాండర్ చేయి కొంత ఉండే ఉంటుందని నా అనుమానం.

లెక్కల్లో, ఎలక్ట్రానిక్స్‌లో కూడా ఈ మాట విన్నాను?

ఒక తిన్నని గీతను ఒక మూసిన వక్రం తనను తాను దాటకుండా ఎన్ని తీరుల్లో ఖండించగలదన్న లెక్కను మియాండర్ సమస్య అంటారు. ఖండించే చోట్లు 2, 4, 6, 8, 10 అంటూ పెరిగేకొద్దీ జవాబులు 1, 2, 8, 42, 262 అంటూ పెరుగుతాయి. అన్నిటికీ పనికొచ్చే సూత్రం ఇంతవరకూ దొరకలేదు. ఎలక్ట్రానిక్స్‌లో పొడవైన యాంటెన్నాను చిన్న చోటులో ఇమడ్చడానికి తీగను మెలికలుగా పరుస్తారు. దాన్ని మియాండర్ యాంటెన్నా అంటారు.

ఆ నదిని చూడాలంటే?

ఇజ్మీర్‌లో దిగి దక్షిణంగా సోకె పట్టణం వైపు వెళ్లాలి. ముందు ప్రియెనె ఎక్కడం మంచిది. కొండవాలు మీద ఉన్న ఆ పాత నగరం నుంచి కింద పరుచుకున్న మైదానమంతా కనిపిస్తుంది. అదంతా ఒకప్పటి సముద్రం. తర్వాత మిలెటస్, అక్కడి పెద్ద రంగస్థలం. వీలుంటే బాఫా సరస్సు. ఒక్క రోజులో మూడూ చూడొచ్చు. వెళ్లలేనివాళ్లు ఉపగ్రహ పటంలో సోకె దగ్గర మొదలుపెట్టి, నదిని ఎగువకు ఆయ్‌దిన్ దాకా వేలితో వెంబడించండి. నది పక్కన పొలాల మధ్య చంద్రవంకల్లాంటి గుర్తులు కనిపిస్తే, అవి నది ఎప్పుడో నడిచి వదిలేసిన పాత దారులని గుర్తుపట్టవచ్చు.